లామినైటిస్ గుర్రానికి మేత ఎంత? కట్టడిలో కాలక్షేపం ఎలా?

లామినైటిస్ వచ్చి లాయం దాటనివ్వకుండా ఉంచిన గుర్రాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే సున్నితమైన పొరలు దెబ్బతినడమే లామినైటిస్. ఎక్కువ గుర్రాల్లో దీనికి మూలం రక్తంలో ఇన్సులిన్ అతిగా పెరగడం. మేతలోని చక్కెర, పిండిపదార్థం దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే మందులతో, గిట్టల పనితో సమానంగా మేతను పట్టించుకోవాలి. మందుల మోతాదు, ఎక్స్‌రేలు, ఐస్ చికిత్స లాంటివి మీ గుర్రాన్ని స్వయంగా చూస్తున్న వెటర్నరీ డాక్టర్ నిర్ణయించాల్సినవి.

ప్రశ్న: మా గుర్రం బాగా లావు. లామినైటిస్ రావడం ఇది రెండోసారి. దాణా, పచ్చిక మానేసి ఎండుగడ్డి మాత్రమే ఇవ్వమన్నారు. పొద్దున రెండు కిలోలు, సాయంత్రం రెండు కిలోలు పెడుతున్నాం. వెంటనే ఊడ్చేసి మిగతా రోజంతా తలుపు తన్నుతోంది. ఇంకా తగ్గిస్తే త్వరగా చిక్కుతుందా?

జవాబు: తగ్గించకండి, పెంచండి. మీ గుర్రానికి తగ్గాల్సింది చక్కెర, పిండిపదార్థం. నమిలే సమయం తగ్గకూడదు. కింద పరిచిన ఎండుగడ్డిని గుర్రం కిలోకు దాదాపు 40 నిమిషాల్లో తినేస్తుంది. అంటే మీరిచ్చే నాలుగు కిలోలకు అది రోజులో మూడు గంటలైనా నమలడం లేదు. స్వేచ్ఛగా వదిలితే 16 గంటల దాకా మేసే జంతువు అది. దాని కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లానికి విరుగుడైన లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. నొప్పి మందులు కూడా వాడుతున్నప్పుడు ఖాళీ కడుపు అల్సర్లకు దగ్గరి దారి.

ముందు బరువు తెలుసుకోండి. తూకం యంత్రం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక, జీను పట్టీ వచ్చే చోట ఛాతీ చుట్టుకొలత తీయండి. భుజం ముందు మొన నుంచి పిరుదు చివరి ఎముక వరకు పొడవు తీయండి. రెండూ సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 178, పొడవు 161 అయితే సుమారు 430 కిలోలు. ఇది అంచనాయే. ప్రతి వారం ఒకే రోజు, ఒకే మనిషి కొలిస్తే హెచ్చుతగ్గులు మాత్రం నమ్మకంగా తెలుస్తాయి.

లావు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు శరీర బరువులో 1.5 శాతం పొడి పదార్థం ఇవ్వాలి. 430 కిలోలకు అది 6.45 కిలోలు. ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది, పొడి పదార్థం దాదాపు 87 శాతం. కాబట్టి త్రాసు మీద తూచాల్సింది 7.4 కిలోలు. కొన్ని వారాలు ఇలా పెట్టినా బరువు కదలకపోతే డాక్టర్ పర్యవేక్షణలో 1.2 శాతం వరకు, అంటే 5.9 కిలోల వరకు దిగవచ్చు. అంతకన్నా కిందికి వద్దు. మీ నాలుగు కిలోలు 0.8 శాతమే అవుతున్నాయి.

లావుగా ఉన్న గుర్రాన్ని పస్తుంచితే ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కాలేయాన్ని కమ్మేస్తుంది. దీన్ని హైపర్‌లిపీమియా అంటారు. పోనీలు, గాడిదలు, పొట్టిజాతి గుర్రాలకు ఈ ముప్పు మరీ ఎక్కువ, ప్రాణాలే పోవచ్చు. లామినైటిస్ ఉన్న పోనీ ఒక పూట మేత ముట్టకుండా మందకొడిగా నిలబడితే మర్నాటిదాకా ఆగకుండా డాక్టర్‌ను పిలవండి.

నాలుగు నుంచి 7.4కు ఒకేరోజు వెళ్లకుండా నాలుగైదు రోజుల్లో పెంచండి. తర్వాత దాన్ని విడదీయండి. ఉదయం ఆరుకు 1.4 కిలోలు, పదకొండుకు 1.2, సాయంత్రం నాలుగుకు 1.4, రాత్రి తొమ్మిదికి మిగిలిన 3.4. రాత్రి వాటా పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే అందరూ నిద్రపోయే ఆ తొమ్మిది గంటలే గుర్రానికి అతి పొడవైన ఖాళీ. ఆ వాటాను రెండు మూడు సెంటీమీటర్ల కన్నాలున్న వలసంచుల్లో నింపండి. చులాగ్గా లాగేసే గుర్రమైతే ఒక వలను ఇంకో వలలో పెట్టండి. అయితే మొదటి రోజే ఒకదానిలో ఒకటి పెట్టకండి. గడ్డి అందక విసుగొస్తే వలను కొరికి చింపుతుంది, లేదా అలిగి తినడమే మానేస్తుంది. వల ఖాళీ అయ్యాక కిందికి జారుతుంది, ఆ జారిన కొస కూడా కాలికి అందని ఎత్తులో కట్టండి. లాడాలు ఉన్న గుర్రమైతే ఈ జాగ్రత్త తప్పనిసరి.

వలలు గదిలో మూడు మూలలా కట్టి గుర్రాన్ని తిప్పమని చాలామంది చెబుతారు. నొప్పి తగ్గాక అది మంచిదే. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో మాత్రం ప్రతి మలుపూ గిట్ట పొరల మీద భారం. అప్పుడు మేత, నీళ్లు రెండూ అది నిలబడిన చోటే మూతికి అందాలి.

ప్రశ్న: గడ్డిని నానబెట్టి పెట్టమన్నారు. ఎంతసేపు? రాత్రంతా నానేస్తే పుల్లటి వాసన వస్తోంది.

జవాబు: నీళ్లలో కరిగే చక్కెరను కొంత బయటికి లాగడానికే నానబెట్టడం. ఆవిరి పట్టిస్తే దుమ్ము, బూజు తగ్గుతాయి గానీ చక్కెర చెప్పుకోదగినంత తగ్గదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడకండి.

కిలో గడ్డికి కనీసం పది లీటర్ల చల్లటి నీళ్లు పోసి, గడ్డి పూర్తిగా మునిగేలా బరువు పెట్టండి. వేడి వాతావరణంలో అరగంట నుంచి గంట చాలు. అంతకుమించి ఉంచితే సూక్ష్మజీవులు పెరిగి పులుస్తుంది, మీకొస్తున్న వాసన అదే. ఆ గడ్డి పెట్టకండి. చలికాలంలో చల్లటి నీళ్లలో నాలుగు నుంచి ఎనిమిది గంటలు ఉంచవచ్చు. తీసిన తర్వాత ఆ గోధుమరంగు నీళ్లు గుర్రం తాగకుండా పారబోసి, గడ్డిని మంచినీళ్లతో ఒకసారి కడిగి, వేలాడదీసి కారనిచ్చి అప్పుడే పెట్టండి. ఎండ కాసే కాలంలో ఒక పూటకు నానబెట్టింది ఇంకో పూటకు దాచవద్దు.

తూకం ఎప్పుడూ నానబెట్టకముందే వేయాలి. చక్కెరతోపాటు కొంత పొడి పదార్థమూ నీళ్లలో పోతుంది కనుక గంటలోపు నానేదానికి 10 శాతం, ఎక్కువసేపు నానేదానికి 20 శాతం అదనంగా తూచండి. ఖనిజాలు కూడా కరిగిపోతాయి. అందువల్ల రాగి, జింక్, విటమిన్ ఇ, కొంత మాంసకృత్తులు ఉండి, పిండి, మొలాసిస్ (చెరకు మడ్డి) లేని బ్యాలెన్సర్ (పోషకాల లోటు తీర్చే గుళికలు) రోజూ తప్పకుండా ఇవ్వండి. దాని మోతాదు సంచి మీద రాసినంతే. లావు గుర్రమని సగానికి తగ్గిస్తే ఇచ్చిన ప్రయోజనం ఉండదు. మామూలు ఉప్పు 430 కిలోల గుర్రానికి రోజుకు 20 గ్రాములు.

నానబెడితే చక్కెర ఎంత తగ్గుతుందన్నది గడ్డిని బట్టి విపరీతంగా మారుతుంది. ఒక గడ్డిలో సగం దాకా పోవచ్చు, మరోదానిలో నామమాత్రంగా తగ్గవచ్చు. వీలుంటే ల్యాబ్ పరీక్ష చేయించండి. ఒక మోపు పైనుంచి గుప్పెడు తీస్తే లాభం లేదు. పది మోపుల మధ్యభాగాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి పంపాలి. నివేదికలో ఈఎస్‌సి అనే చక్కెర అంకె, స్టార్చ్ అంకె కూడితే పొడి పదార్థంలో 10 శాతం లోపు రావాలి. రంగు చూసి, వాసన చూసి చక్కెర తెలుసుకోవడం ఎవరివల్లా కాదు. ఆకుపచ్చగా మెరిసే గడ్డిలో తక్కువ ఉండవచ్చు, వెలిసినట్టున్నదానిలో ఎక్కువ ఉండవచ్చు.

ప్రశ్న: నొప్పి మందు పొడి చేదుగా ఉంటుంది. ఆపిల్ లేకుండా ఎలా తినిపించాలి? చిన్న క్యారెట్ ముక్క కూడా పెట్టకూడదా?

జవాబు: మొలాసిస్ కలపని బీట్ పల్ప్ (చక్కెర తీసేసిన దుంప పిప్పి) ఒక గుప్పెడు నానబెట్టి, అందులో మందు, కొంచెం ఎండు పుదీనా లేదా మెంతి పొడి కలపండి. మెంతి వాసన చాలా గుర్రాలకు ఇష్టం. అయినా తినకపోతే మందును నీళ్లలో కలిపి, సూది లేని 60 మిల్లీలీటర్ల సిరంజితో నోటి పక్కనుంచి నాలుక వెనక పోయండి. మందు లేని రోజుల్లోనూ అప్పుడప్పుడు ఖాళీ సిరంజి పెదవికి తాకించి గోకి పంపితే అది సిరంజిని చూసి తల ఎత్తేయదు.

క్యారెట్ సంగతికొస్తే, 60 గ్రాముల క్యారెట్‌లో చక్కెర దాదాపు మూడు గ్రాములు. పొడి పదార్థంలో 10 శాతం చక్కెర ఉన్న గడ్డి 7.4 కిలోలు తింటే 645 గ్రాములు లోపలికి వెళ్తుంది. అదే గడ్డి 16 శాతానిదైతే వెయ్యి గ్రాములు దాటుతుంది. కాబట్టి క్యారెట్ చక్రం గురించి భయపడేవాళ్లు ముందు గడ్డి పరీక్ష చేయించాలి. నొప్పి ఉన్నన్నాళ్లు క్యారెట్ కూడా మానేసి దోసకాయ ముక్క, సెలెరీ కాడ పెట్టండి. ఆపిల్, అరటిపండు, బ్రెడ్, తవుడు, గింజలు, చప్పరించే తీపి దిమ్మెలు పూర్తిగా బంద్. ఆ దిమ్మెల్లో అధికభాగం మొలాసిసే.

ప్రశ్న: మూడు వారాలుగా గదిలోనే ఉంది. తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. బంతి కొని వేశాం, ఒకరోజు ఆడి వదిలేసింది. ఏం చేస్తే మనసు మళ్లుతుంది?

జవాబు: ముందు నాడి చూడండి. గిట్టకు పైనున్న కీలు వెనక, ఇరుపక్కలా వేళ్లు ఆన్చితే రక్తనాళం తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ కొట్టుకోవడం వెతికితే గానీ దొరకదు. ఆన్చగానే బలంగా తన్నుతున్నట్టు తెలిసిందంటే నొప్పి మళ్లీ ముదురుతోంది. ముందుకాళ్ల మీద బరువు మార్చి మార్చి వేయడం నొప్పి వల్లా కావచ్చు, విసుగు వల్లా కావచ్చు. విసుగు ఊగడంలో లయ ఉంటుంది, తల కూడా ఊగుతుంది, మేత వచ్చే వేళకు ఎక్కువవుతుంది. నొప్పితో బరువు మార్చేటప్పుడు తల అంతగా కదలదు, మేత ఎదురుగా ఉన్నా ఆగదు.

విసుగే అయితే దానికి అన్నిటికన్నా ముందు కావాల్సింది తోడు. పక్క గదిలో ఒక నెమ్మది గుర్రం ఉండి, మధ్య గోడలో కటకటాలుంటే మూతులు తాకించుకుంటాయి. ఆ తోడును పొద్దున బయటికి తీసుకెళ్లి సాయంత్రం తెస్తుంటే మాత్రం మేలుకన్నా కీడు ఎక్కువ. వెళ్లిన ప్రతిసారీ మీది సకిలిస్తూ గిరగిరా తిరుగుతుంది, ఆ తిరగడమే గిట్టకు హాని. పగలంతా అక్కడే ఉండే గుర్రాన్నో, పోనీనో తోడు పెట్టండి. దానికి దాణా మీ గుర్రం కళ్ల ముందు పెట్టవద్దు.

తోడు కుదరకపోతే అద్దం. పగలని అక్రిలిక్ లేదా మెరుగుపెట్టిన స్టీలు రేకు, అంచులు మొద్దుగా ఉండేలా, తల ఎత్తులో గోడకు గట్టిగా బిగించండి. ఊగే అలవాటున్న గుర్రాల్లో అద్దం ఆ అలవాటును తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. మేత దగ్గర పెట్టకండి, ఎదుటి గుర్రం తన మేతకు వచ్చిందనుకుని చెవులు వెనక్కి వాల్చి మీదికెళ్లవచ్చు. పెట్టిన మొదటి గంట పక్కనే ఉండి చూడండి.

తర్వాత చెప్పాల్సింది మీ చేతుల గురించి. మెడ ముగిసి వీపు మొదలయ్యే ఎత్తు భాగంలో గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గీరుకుంటాయి. అక్కడ గోళ్లతో గట్టిగా గోకితే గుండె వేగం తగ్గుతుంది. సరైన చోటు దొరికితే పైపెదవి ముందుకు సాగి వణుకుతుంది, కళ్లు సగం మూతపడతాయి. అక్కడే ఉండండి. రోజూ రెండు పూటలా ఇరవై నిమిషాలు బ్రష్ చేసి గోకడం కొన్న బొమ్మలన్నిటికన్నా మేలు.

దొర్లే బంతి ఈ దశలో నాకు నచ్చదు. దాని వెనక గుర్రం పక్కకు తిరుగుతూ నడవాలి. కదలకుండా ఆడే ఆటలు పెట్టండి. అట్టపెట్టెకు పిన్నులు, టేపు తీసేసి అందులో ఆ పూట వాటా గడ్డి కుక్కి ఇవ్వండి, చింపుకుంటూ తింటుంది. వెడల్పాటి తొట్టిలో పిడికిలి కన్నా పెద్ద నున్నటి రాళ్లు పరిచి, వాటి మధ్య బ్యాలెన్సర్ గుళికలు చల్లండి. రెండు నిమిషాల్లో అయ్యే తిండి పావుగంట పడుతుంది. ఒక్కొక్కటీ రెండు మూడు రోజులుంచి మార్చండి. అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ ఒకేసారి పాతబడతాయి.

పచ్చి కొమ్మలు బెరడు ఒలుచుకు తినడానికి బాగుంటాయి. హేజెల్, బర్చ్ సురక్షితం. విల్లో బెరడులో ఆస్పిరిన్ తరహా పదార్థం ఉంటుంది, నొప్పి మందు నడుస్తుంటే డాక్టర్‌ను అడగండి. గన్నేరు, యూ, ఓక్, చెర్రీ, రెడ్ మేపుల్ కొమ్మలు లాయం దరిదాపుల్లోకి రానివ్వకండి. గన్నేరు కొద్దిపాటి ఆకులతోనే గుర్రాన్ని చంపుతుంది.

శిక్షణ కూడా కాలక్షేపమే. కర్ర చివర గుడ్డ చుట్టి, మూతితో తాకితే మెచ్చుకోవడం, చెప్పగానే తల దించడం, సిరంజిని ఒప్పుకోవడం నేర్పండి. ఐదేసి నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. బహుమతిగా ఇచ్చే గుళికలు ఆ రోజు వాటాలోంచే పక్కన తీసి పెట్టుకోవాలి. ముందుకాళ్ల మధ్యలోకి మూతి సాగదీయించే వ్యాయామాలు ఇప్పుడు వద్దు, బరువంతా గిట్టల ముందుకు పడుతుంది. ఆటగా కాలెత్తించడమూ వద్దు. ఒక కాలు మీ చేతిలో ఉంటే దాని భారం నొప్పి ఉన్న రెండో గిట్ట మోస్తుంది. లాడాల పని చేసేవారికీ ఇది చెప్పండి. మెత్తటి నేల మీద, నొప్పి మందు పనిచేస్తున్న వేళ, మధ్యమధ్య కాలు దించుతూ చేయాలి.

ఊగడాన్ని ఆపడానికి తలుపుకు కమ్మీలు, కొయ్య కొరకడం ఆపడానికి మెడకు పట్టీలు బిగించకండి. గుర్రం తన ఒత్తిడిని అలా దించుకుంటోంది. ఆ దారి మూస్తే లోపలి బాధ పెరుగుతుందే తప్ప పోదు.

ప్రశ్న: పరుపుగా వేసిన గడ్డినే తినేస్తోంది.

జవాబు: ఆ గడ్డి తీసేసి దుమ్ములేని చెక్క తురుము వేయండి. గోడ నుంచి గోడకు, తలుపు అంచుదాకా కనీసం 20 సెంటీమీటర్ల మందం ఉండాలి. గుర్రం ఎక్కువసేపు నిలబడేది తలుపు దగ్గరే, అక్కడే పరుపు పలచగా ఉండడం అన్ని లాయాల్లో కనిపించే లోపం. తురుము గిట్ట అడుగున నిండుకుని బరువును పంచుతుంది. ఇసుక వేస్తే మేతను నేల మీద కాకుండా రబ్బరు చాప మీద పెట్టండి, లేకపోతే ఇసుక పేగుల్లో చేరి కడుపునొప్పి వస్తుంది. కట్టడిలో పేగుల కదలిక ఎటూ మందగిస్తుంది. రోజుకు ఎన్ని కుప్పలు లద్దె వేస్తుందో రాసుకోండి. ఆ లెక్క సగానికి పడిపోయినా, లద్దె గట్టిపడి చిన్న ఉండల్లా వచ్చినా కబురు చేయాల్సిందే.

ప్రశ్న: కాస్త నడిపిస్తే రక్తం ఆడి తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు. పాత మాట అది, ఎందరో గుర్రాలను కుంటివి చేసింది. పొరలు బలహీనంగా ఉన్నప్పుడు వేసే ప్రతి అడుగూ ఎముకను గోడ నుంచి లాగుతుంది. పడుకుంటానంటే పడుకోనివ్వండి.

ప్రశ్న: మా గుర్రం ముసలిది, కుషింగ్స్ (ముసలి గుర్రాలకు వచ్చే హార్మోన్ల జబ్బు) ఉంది, బక్కగా ఉంది. పళ్లు అరిగిపోయాయి. దీనికీ మేత తగ్గించాలా?

జవాబు: చక్కెర తగ్గించాలి, కేలరీలు కాదు. నమిలిన గడ్డిని ఉండలుగా ఉమ్మేస్తుంటే పొడవు గడ్డి దానికి అందనట్టే లెక్క. చక్కెర తక్కువున్న గడ్డి క్యూబులను, మొలాసిస్ లేని బీట్ పల్ప్‌ను బాగా నీళ్లు పోసి మెత్తటి గుజ్జుగా నానబెట్టి రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. నానని క్యూబులు గొంతుకు అడ్డం పడతాయి. బరువు రాకపోతే వంటనూనె రోజుకు 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రెండు వారాల్లో 150 దాకా పెంచవచ్చు. లద్దె జిడ్డుగా, పలచగా అయితే వెనక్కి తగ్గండి. నూనె పెరిగితే విటమిన్ ఇ కూడా పెంచాలి. రక్తంలో కొవ్వు ఎక్కువని పరీక్షలో వచ్చిన గుర్రానికి మాత్రం నూనె వద్దు. కుషింగ్స్‌కు ఇచ్చే పెర్గోలైడ్ మందు మొదలుపెట్టిన కొత్తలో కొన్నిటికి ఆకలి మందగిస్తుంది, మోతాదు మీరు మార్చకుండా డాక్టర్‌కు చెప్పండి.

ప్రశ్న: మామూలుగానే నిలబడుతోంది. ఎప్పుడు బయటికి వదలొచ్చు?

జవాబు: నొప్పి మందు పూర్తిగా ఆపేశాక గది లోపల హాయిగా తిరగగలగాలి, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఆగాలి. మందు వాడుతూ బాగుండడం లెక్కలోకి రాదు. ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేనన్నాక మెత్తటి నేల మీద తిన్నగా ఐదు నిమిషాలు చేత్తో పట్టి నడిపించండి. మలుపులు వెడల్పుగా తిప్పండి. వారానికో ఐదు నిమిషాలు పెంచండి. మర్నాడు నాడి బలంగా తగిలితే వెనక్కి రండి. తర్వాత గడ్డి మొలవని చిన్న ఆవరణ, అందులోనూ వలసంచుల్లో ఎండుగడ్డి.

పచ్చిక అన్నిటికన్నా చివర, ఇన్సులిన్ పరీక్ష మళ్లీ చేయించాకే. ఎండ బాగా కాసి రాత్రి చలి కొరికే రోజుల్లో గడ్డి పగలు తయారుచేసుకున్న చక్కెరను పెరుగుదలకు వాడుకోలేక నిల్వ చేసుకుంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా దిగితే మర్నాడు పొద్దున ఆ పచ్చిక ప్రమాదం. వెచ్చటి రాత్రి గడిచాక తెల్లవారుజామున మేపడమే నయం, అదీ ఎక్కువ మేయనివ్వకుండా మూతికి బుట్ట కట్టి. పొట్టిగా కొరికేసిన పచ్చిక సురక్షితమనుకోకండి, కాడ మొదట్లోనే చక్కెర నిల్వ ఉంటుంది. గిట్ట గోడ నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది, ముందు అంచుదాకా పూర్తిగా కొత్తది రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అప్పటిదాకా లాడాల పనివారు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి.